వాలు మీద ఓడ

మా ఇంట్లో అందరికీ గొంతుంది, నాకు తప్ప. ఈ మాట ఏడుస్తూ చెప్పడం లేదు, ఉన్నదున్నట్టు చెబుతున్నాను. మా అమ్మ మేబెల్ చర్చిలో క్వయర్ లీడరు, సొప్రానో, అంటే అన్నిటికన్నా పై గొంతు. అమ్మ చెల్లెలు ప్రేమమణి పిన్ని ఆల్టో, ఆ కింది గొంతు. జకర్యా అన్నయ్య టెనరు, మగగొంతుల్లో పైది. నాన్న ప్రభుదాస్ గారు హైస్కూల్లో సైన్సు మాస్టారు. మంచినీళ్లు అడిగినా అల్మరాలో గ్లాసులు అదిరేంత బేసు ఆయనది. నలుగురికీ నాలుగు గొంతులూ సరిపోయాక మిగిలినదాన్ని నేను. చిన్నప్పుడు క్రిస్మస్ పాటలకి నన్ను చివరి వరసలో నిలబెట్టి, "కృపా, నువ్వు పెదాలు కదుపు, చాలమ్మా" అని అమ్మే చెవిలో చెప్పింది. నేను ఎంత శ్రద్ధగా కదిపానంటే, పాటయ్యాక పాస్టరమ్మగారు వచ్చి నన్నే ముద్దు పెట్టుకున్నారు.

ఈ నలుగురినీ, వాళ్లతోపాటు క్వయర్లో పట్టినంత మందినీ మోసుకు తిరిగే అంబాసిడర్ ఒకటి మాకుండేది. బొల్లారంలో రిటైరైన మిలిటరీ ఆయన దగ్గర నాన్న కొనేనాటికే దానికి వయసు మళ్లింది. మైళ్ల మీటరు తిరిగి తిరిగి, అంకెలు చాలక మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టింది. మా చేతికొచ్చాక ఇంకోసారి కూడా మొదలుపెట్టింది. ఎంతమందొచ్చినా కాదనకుండా ఎక్కించుకుంటుందని చర్చిలో దాన్ని "ఓడ" అనేవారు. ఓడ కదిలేముందు ప్రార్థన జరిగేది. ఆమేన్ అనగానే నాన్న హ్యాండ్‌బ్రేకు వదిలేవారు.

హ్యాండ్‌బ్రేకు సంగతి చెప్పాలి. ఓడ బాటరీకి ఎప్పుడూ నీరసమే. పద్మారావు నగర్‌లో మా వీధేమో మంచి వాలు. కారు ముక్కు కిందికి పెట్టి నిలిపితే, పొద్దున్నే బ్రేకు వదలగానే దానంతటదే దొర్లి, గేరు పడగానే ఖళ్లున దగ్గి లేచేది. కొత్త బాటరీ వేయించండి మహానుభావా అని అమ్మ మొత్తుకుంటే, "దేవుడు వాలు ఇచ్చాడుగా మేబెల్" అనేవారు నాన్న. సికింద్రాబాద్ మొత్తాన్ని ఆయన వాలుల లెక్కనే గుర్తుపెట్టుకున్నారు. మోండా మార్కెట్‌కి వెళ్తే కారు ఫలానా సందు మొగలోనే ఆగాలి, కూరలకి అంతదూరం నడవాల్సిందే. చుట్టాల్లో కూడా వాలున్న వీధిలో ఇల్లు కట్టుకున్నవాళ్లంటే నాన్నకి ఓ పిసరు ప్రేమ ఎక్కువ.

ఇంజను అందుకుందా, పాట మొదలు. దిగేదాకా పాటే. క్వయర్ రిహార్సలు సగం ఓడలోనే జరిగేది. బయట హారన్లు మోగనీ, ఆవులు అడ్డం రానీ, లోపల నాలుగు గొంతులూ ఏకధాటిగా సాగిపోయేవి. సిగ్నల్ దగ్గర పక్క ఆటోవాళ్లు తొంగి చూసేవారు. నేను కిటికీ పక్కన కూర్చుని, అలవాటు కొద్దీ పెదాలు కదిపేదాన్ని.

ఇదంతా తొంభై రెండు వేసవికి ముందు మాట. ఆ ఏడు ఈస్టర్ అయిన వారంలో నాన్నకి కంటి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు ఇచ్చి, వేసవంతా డ్రైవింగ్ మాట తలపెట్టొద్దన్నాడు డాక్టరు. ఎండాకాలం క్వయర్‌కి పెళ్లిళ్ల కాలం. పైగా ఆ ఏడు మే నెలాఖరున మా ప్రేమమణి పిన్ని పెళ్లే.

పిన్నికి నలభై దాటాయి. లెక్కల టీచరు. పెళ్లి మాటెత్తితే సుద్దముక్క విసిరేది. అలాంటి పిన్ని, పదో తరగతి పేపర్లు దిద్దే క్యాంపులో మెదక్ నుంచి వచ్చిన యేసుదాసు గారనే ఇంకో లెక్కల మాస్టారితో ఒక పిల్లవాడి అరమార్కు గురించి పోట్లాడింది. ఆ పోట్లాట ఉత్తరాల్లో ఏడాది సాగి, ఇద్దరూ అలసిపోయి పెళ్లికి ఒప్పుకున్నారు. యేసుదాసు గారి తల్లి మంచం దిగలేని మనిషి. కొడుకు పెళ్లి కళ్లారా చూడాలన్నది ఆవిడ ఒక్క కోరిక. అందుకని పెళ్లి మెదక్‌లోనే, వాళ్ల చర్చిలోనే.

"మెదక్ దాకా ఎవరు తోలుతారు?" అంది అమ్మ.

అన్నయ్య అప్పటికే ఓసారి ప్రయత్నించాడు. తోలగలడు కానీ పాటలో పై స్వరం వచ్చినప్పుడు కళ్లు మూసుకుంటాడు. ఇక మిగిలింది నేను. డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. పాడలేని మనిషే స్టీరింగు పట్టాలని ఆ రోజు మా ఇంట్లో ఏకగ్రీవంగా తీర్మానమైంది.

పరేడ్ గ్రౌండ్స్ పక్కన నాన్న పొద్దున పూట నేర్పారు. నల్లద్దాలతో పక్క సీట్లో కూర్చుని, "క్లచ్చి మీంచి కాలు తీసెయ్, అది పీట కాదు" అని అరుస్తూ ఉంటే, క్రికెట్టాడే పిల్లలు ఆట ఆపి నవ్వేవారు. ఇంజను ఆగిపోయిన ప్రతిసారీ వాళ్లే వచ్చి తోసేవారు. లైసెన్సు చేతికొచ్చేసరికి వాళ్లలో సగం మంది పేర్లు నాకు నోటికొచ్చేశాయి. "నువ్వు కొత్తదానివి. ఇంటి ముందు కాదు, ఇంకా కిందికి పెట్టు, బాగా వాలున్న చోట. తేలిగ్గా స్టార్టవుతుంది" అన్నారు నాన్న. అప్పటినుంచి ఓడ వీధి చివర, దూకబోతున్నట్టు ముక్కు కిందికి పెట్టుకుని నిలబడేది.

స్టీరింగు వెనక కూర్చున్నాక నాకు అర్థమైన మొదటి సంగతి ఏమిటంటే, కారు కూడా మాట్లాడుతుంది. పక్క గదిలో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు సన్నగా టిక్కుటిక్కుమంటోంది. వేగం పెంచితే పెరుగుతోంది. మిగతా నలుగురికీ అది వినపడే దారే లేదు. ఇంజను లేవగానే వాళ్లు పాట ఎత్తుకుంటారు కదా.

మోండా మార్కెట్‌కి పిన్ని పెళ్లి సామాను కోసం వెళ్తున్నరోజు నోరు తెరిచి అడిగేశాను.

"ఒక్క నిమిషం పాట ఆపుతారా? ఏదో చప్పుడొస్తోంది."

వెనక అమ్మ ఆగింది, పిన్ని ఆగింది. అన్నయ్య మాత్రం చివరి స్వరం పూర్తిగా లాగి అప్పుడు ఆగాడు. సరిగ్గా ఆ సమయానికి పక్కనుంచి బస్సు రొద చేసుకుంటూ వెళ్లింది.

"ఏం లేదే" అంది అమ్మ.

"ఉందమ్మా. టిక్కుటిక్కుమని."

"కృపా," అన్నాడు అన్నయ్య నా భుజం తట్టి, "నేను పాడుతోంది కీర్తనో, కూరగాయలవాడి కేకో నీకు తేడా తెలీదు. ఇంజన్లో తేడా తెలిసిపోయిందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడు చెడ్డవాడు కాడు, నన్ను ఏడిపించకపోతే వాడికి అన్నం సయించదు అంతే. కానీ వాళ్లకి లేనిది నాకు ఒక్కటి దొరికితే దాన్నీ నమ్మరేం అనిపించింది.

ఇంటికొచ్చాక నాన్నతో చెప్పాను. నాన్న సైన్సు మనిషి, మాటల మీద నడవరు. మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని వీధి చివరికి దిగి, బానెట్ ఎత్తారు. ఇంజన్లో ఆయిల్ ఎంతుందో చూసే సన్నటి ఇనప పుల్ల, డిప్‌స్టిక్కు, బయటికి లాగారు. పాత బనీను గుడ్డతో తుడిచి, మళ్లీ గుచ్చి, మళ్లీ తీసి ఎండకి పట్టుకున్నారు. పై గీత దాకా నల్లగా తడి.

"చూశావా? ఫుల్లు. ఆయిల్ ఉన్న ఇంజన్‌కి ఏ జబ్బూ రాదు."

"మరి చప్పుడో?"

"వయసు" అన్నారు నాన్న. "రేపు నాకూ వస్తాయి చప్పుళ్లు."

డాష్‌బోర్డు మీద ఆయిల్ తగ్గితే వెలగాల్సిన ఎర్ర దీపం ఒకటుంది కానీ, అది మాడిపోయి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. పుల్ల ఉండగా దీపమెందుకన్నది నాన్న వాదన. ఆ రోజునుంచి రోజూ పొద్దున ప్రార్థన కాగానే నాన్న పుల్ల తీసి చూడటం, "ఫుల్లు!" అని వీధికంతా వినబడేలా అనటం ఆనవాయితీ అయిపోయింది. మా ఎదురింటి విజయమ్మ గారు ముగ్గు వేస్తూ, "ఫుల్లేనా సారూ?" అని అడిగేవారు.

మే నడిచేకొద్దీ ఎండ ముదిరింది. కుట్టుమిషను కాస్తా స్టీలు పళ్లెం మీద చెంచాతో కొడుతున్నట్టుగా మారింది. వెనక అద్దంలో చూస్తే నీలంగా పొగ. నేను పోరు పెట్టగా పెట్టగా, నాన్న సీతాఫల్‌మండిలో షెడ్డున్న బ్రహ్మచారి గారిని పిలిపించారు. ఓడకి మొదటినుంచీ ఆయనే వైద్యుడు. స్కూటర్ మీద వచ్చి, వీధి చివర ఓడ పక్కన దాన్ని ఆపి, అది దొర్లిపోకుండా చక్రానికి రాయి పెట్టాడు. ఆయన కూడా ముందు పుల్లే తీశాడు.

"నూనె ఫుల్లున్నది సార్."

"చెప్పానా?" అన్నారు నాన్న నావైపు తిరిగి.

నేను ఇంజను రేజ్ చేశాను. బ్రహ్మచారి చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. అన్నయ్య మా వెనకే నిలబడి పళ్లు తోముకుంటూ ఆదివారం పాట హమ్ చేస్తున్నాడు. బ్రహ్మచారి వేళ్లు బానెట్ మీద తాళం వేయసాగాయి.

"ఏందీ బిడ్డా, గింత దానికే పరేషాన్ అయితున్నవ్? ఇన్ని లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి. లోపటి టాపెట్లు అరిగి మోగుతయి. మోగనీ."

"పొగ కూడా వస్తోంది బ్రహ్మచారి గారూ."

"వస్తది. ఇప్పుడు ఇంజన్ విప్పుడు షురూ చేసిన్నంటే నెల పడ్తది. మీ పిన్నమ్మ పెండ్లి ఈడనే ఆగిపోతది. పెండ్లయినంక జెర తీరుబాటుగ చూద్దం." స్కూటర్ కింద రాయి తీస్తూ అన్నయ్య వైపు చూసి, "మస్తు పాడుతడు సార్ మీవోడు" అన్నాడు.

ఆ సాయంత్రం నేను మేడమీద గుడ్డలు తీస్తుంటే పిన్ని వచ్చింది. నాతోపాటు ఒక కొస పట్టుకుని దుప్పటి మడతపెడుతూ, "నీకు నిజంగా వినిపిస్తోందా?" అని అడిగింది. ఏడిపించడానికి కాదు. లెక్క తప్పిందన్న పిల్లని పేపరు తెమ్మన్నట్టు అడిగింది.

"నిజంగా పిన్నీ. రోజురోజుకీ పెరుగుతోంది. మీరు వ్యాన్ మాట్లాడుకుని వెళ్లండి. నాకు భయంగా ఉంది. పదింటికి నువ్వు చర్చిలో లేకపోతే?"

పిన్ని దుప్పటి నా చేతుల్లో పెట్టింది. "క్వయర్ వ్యాన్లో వెళ్తుంది. నేను ఓడలోనే వస్తాను, నువ్వే తోలాలి. ఎక్కడైనా ఆపాలనిపిస్తే ఆపెయ్. ఎందుకని అడగను."

"అక్కడ ఆయన ఎదురుచూస్తుంటారు."

"అరమార్కు కోసం ఏడాది ఆగిన మనిషి, అరగంట ఆగలేడా?" అంది పిన్ని. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పెళ్లిరోజు తెల్లవారగానే వీధంతా సందడే సందడి. క్వయర్ పిల్లలు ఓడ ముక్కుకి తెల్ల రిబ్బను కట్టి, లిల్లీలు గుచ్చారు. పిన్ని తెల్ల పట్టుచీర కట్టుకుని, తలమీద మేలిముసుగుతో మెట్లు దిగుతుంటే, విజయమ్మ గారు ముగ్గు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ప్రార్థనయింది. నాన్న పుల్ల తీసి, తుడిచి, చూశారు.

"ఫుల్లు!"

"ఫుల్లేనంట!" అన్నారు విజయమ్మ గారు, పిన్నిని దీవిస్తున్నట్టు. అదనంగా తీసుకెళ్దామని నేను వరండాలో పెట్టిన ఆయిల్ డబ్బా, ఇంక ఎందుకని నాన్న మాటతో అక్కడే ఉండిపోయింది.

వ్యాన్ ముందు వెళ్లిపోయింది. నేను బ్రేకు వదిలాను. ఓడ వాలు దొర్లి, దగ్గి, లేచింది. పాట కూడా లేచింది. నా పక్కన నాన్న, వెనక అమ్మ, పిన్ని, అన్నయ్య. బోయినపల్లి దాటాం, మేడ్చల్ దాటాం. పొలాలు, తాటిచెట్లు. చల్లటి గాలి. వాళ్లు పాడుతున్నది పెళ్లిపాట, పిన్ని తన పెళ్లికి తనే ఆల్టో. అంత సంతోషంగా పాడటం నేనెప్పుడూ వినలేదు. ఆపండని అడగటానికి మనసొప్పలేదు.

తూప్రాన్ దాటి కాస్త దూరం వెళ్లాక చెంచా చప్పుడు మారింది. గరిటెతో గిన్నె అడుగున కొడుతున్నట్టు, లోపల్నుంచి, బరువుగా. నా అరికాళ్లకి తెలుస్తోంది. "నాన్నా" అన్నాను. నా మాట ఆయన బేసులో కొట్టుకుపోయింది. "నాన్నా, చప్పుడు" అని మళ్లీ అన్నాను. వెనక అన్నయ్య కళ్లు మూసుకుని పై స్వరం అందుకుంటున్నాడు.

ఆపరేషనయిన కన్నుతో నాన్నకి ఏం కనిపించిందో తెలీదు. నా చేతులు కనిపించాయేమో. స్టీరింగుని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే వేళ్లు తెల్లబడ్డాయి. ఆయన పాడటం ఆపారు. బేసు ఆగిపోతే మిగతా మూడు గొంతులూ నేల లేనట్టు తడబడ్డాయి.

"పాట ఆపండి" అన్నారు నాన్న. "కృపని విననివ్వండి."

ఓడలో పాట లేకపోవడం నాకు తెలిసి అదే మొదటిసారి. ఆ నిశ్శబ్దంలో ఇంజను ఠంగుఠంగుమంటూ అందరికీ వినబడింది.

"అయ్యో దేవా! ఇదెప్పటినుంచి?" అంది అమ్మ.

"ఈస్టర్ నుంచి" అన్నాను.

 నేను రోడ్డు పక్కకి తీసి ఇంజను ఆపేశాను. వాలు కోసం చూసుకోలేదు. ఉంటేగా. అటు చూసినా ఇటు చూసినా పలకలా చదునైన నేల. కాసేపు ఆగి, బానెట్ ఎత్తి నేనే పుల్ల లాగాను. తుడిచి గుచ్చి తీశాను. కింది గీత కాదు కదా, చిట్టచివర ఒక చుక్క, అంతే. పుల్ల పొడుగంతా ఎండకి తళతళా మెరుస్తోంది.

"ఇదెలా! పొద్దున ఫుల్లుంది. నేనే చూశాను!" నాన్న పుల్లని నా చేతిలోంచి లాక్కుని, నల్లద్దాలు తీసి మరీ చూశారు. కారు కిందికి తొంగి చూశారు. ఆ తర్వాత రోడ్డు వైపు చూశారు. చదునుగా పడున్న రోడ్డుని చాలాసేపు చూసి, అరచేతిని నేలకి సమంగా పెట్టి, మెల్లిగా వేళ్లు కిందికి వంచారు.

"మేబెల్," అన్నారు నీరసంగా, "మన వీధి వాలు."

"అయితే?"

"ముక్కు కిందికి ఉంటే ఆయిలంతా ముందుకి చేరుతుంది. పుల్ల ఉండేది ముందేగా. ఉన్న కాస్తా పుల్ల దగ్గరే ఉంటే ఫుల్లనే చూపిస్తుంది." ఆయన గొంతు ఇంకా తగ్గింది. "ఎక్కడికెళ్లినా వాలులోనే ఆపాం. ఒక్కసారీ చదునులో చూడలేదు. ఈ వేసవి ఇంకా వాలులో పెట్టించాను."

"బావగారూ," అంది పిన్ని కిటికీలోంచి, ముసుగు పక్కకి తీసి, "ద్రవాల మట్టం పాఠం మీరే కదా చెప్పేది, ఎనిమిదో తరగతికి?"

నాన్న తలూపారు. "ఏటా చెబుతాను. గ్లాసు వంచి మరీ చూపిస్తాను."

ముందు పిన్నే నవ్వింది. పకపకా, కళ్లు తుడుచుకుంటూ. తర్వాత అమ్మ. నాన్న రోడ్డు మధ్య నిలబడి పుల్ల పట్టుకుని నవ్వుతుంటే ఆయన బేసుకి చెట్టు మీద కాకులు లేచిపోయాయి. అన్నయ్య మాత్రం నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, "కూరగాయలవాడి కేక, నా కీర్తన... ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానే" అన్నాడు. "నీ కీర్తన సంగతి నాకిప్పటికీ తెలీదులే" అన్నాను. అప్పుడు నవ్వాడు.

ఈ నవ్వులకి పక్క చేలోంచి ఒక రైతు వచ్చాడు. పేరు వీరయ్య. డీజిల్ మోటరుతో చేనుకి నీళ్లు పెట్టుకుంటున్నాడు. తెల్లచీర, లిల్లీలు, ఎత్తిన బానెట్ చూసి విషయం అడిగాడు. చెప్పాం.

"గంతేనా! మోటరుకు పోసే నూనె డబ్బా ఉన్నది నా తాన." పరుగున వెళ్లి తెచ్చాడు. నాన్న జేబులో చెయ్యి పెట్టబోతే కోప్పడ్డాడు. "ఏంది సారూ! పెండ్లిపిల్లకు నూనె పెట్టుడు మాకు ఆచారం. ఈ అమ్మ నెత్తి మీద ముసుగున్నది, పెట్టరాదు. బండికి పెడ్త."

ఆయనే పోశాడు, కొంచెం కొంచెంగా. నేను పుల్ల చూస్తూ చాలని చెప్పేదాకా పోశాడు. ఇక స్టార్ట్ చేయాలి. వాలు లేదు, బాటరీకి దమ్ము లేదు. తోయాల్సిందే. నాన్న బరువు తోయకూడదు కాబట్టి పక్కన నిలబడి లెక్క చెప్పడానికి ఒప్పుకున్నారు. వీరయ్య, అన్నయ్య, అమ్మ వెనక్కి వెళ్లారు. నేను అద్దంలో చూసుకునేసరికి తెల్ల ముసుగు కూడా కనిపించింది.

"పిన్నీ! నువ్వొద్దు!"

"నా పెళ్లికి నేను వెళ్లకపోతే ఎవరు వెళ్తారే? గేరు వెయ్యి!"

ఓడ దొర్లింది. గేరు వేశాను. దగ్గి లేచింది. అందరూ ఆయాసపడుతూ వచ్చి తలుపుల దగ్గర గుమికూడారు. ఎవరూ ఇంజను వైపు చూడటం లేదు. నా మొహం వైపు చూస్తున్నారు. అమ్మ క్వయర్ ముందు చెయ్యి పైకెత్తి అందరినీ ఆపినట్టు, చెయ్యెత్తి నిలబడింది. నేను విన్నాను. ఠంగుఠంగు తగ్గుతూ తగ్గుతూ చెంచా అయింది, చెంచా కుట్టుమిషనయింది, కాసేపటికి మిషను కూడా సద్దుమణిగి, మెత్తటి గురక ఒక్కటే మిగిలింది. 

"బాగుంది" అన్నాను.

వీరయ్య చప్పట్లు కొట్టాడు. మెదక్ దాకా ఎవరూ పాడలేదు. పాడొద్దని నేను అనలేదు, వాళ్లే పాడలేదు. మధ్యమధ్య అన్నయ్య, "ఇప్పుడెలా ఉంది?" అని అడిగేవాడు, జ్వరమొచ్చిన బిడ్డ గురించి అడిగినట్టు.

చర్చి మెట్ల మీద యేసుదాసు గారు ఎండలో నిలబడి ఉన్నారు. ఆలస్యమైనందుకు ఒక్క మాట అనలేదు. పిన్ని చేతులు చూసి మాత్రం ఆశ్చర్యపోయారు. డిక్కీ మీది దుమ్మూ నూనే అరచేతులకి అంటుకుని నల్లగా ఉన్నాయి. అమ్మ కొంగుతో ఎంత తుడిచినా పూర్తిగా పోలేదు. ఉంగరం తొడిగేటప్పుడు తీసిన ఫొటోలో ఆ మరక ఇప్పటికీ కనిపిస్తుంది. ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టిన ముసలావిడ ఆ మరక చూసి, "పనిమంతురాలే" అందట. క్వయర్ పాడింది. నేను చివరి వరసలో పెదాలు కదపలేదు. కూర్చుని విన్నాను. మావాళ్లు ఎంత బాగా పాడతారో ఆ రోజే మొదటిసారి తెలిసింది, అంత తీరిగ్గా అంతకుముందు ఎప్పుడూ వినలేదు మరి.

ఆ తర్వాత వారం బ్రహ్మచారి వచ్చి, ఓడని తన షెడ్డు ముందు చదును నేల మీదికి తోయించుకుని, ఆయిల్ కారుతున్న చోటు పట్టుకున్నాడు. వాలు సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "నేను సుత గాడనే చూసిన గదా! స్కూటర్‌కు రాయి పెట్టి మరీ చూసిన!" అని నవ్వీ నవ్వీ దగ్గాడు. నాన్న కొత్త బాటరీ కొన్నారు. వాలుల మీద ప్రేమ మాత్రం చావలేదు.

కానీ నేను చెప్పదలుచుకున్నది పెళ్లిరోజు సాయంత్రం గురించి. భోజనాలయ్యాయి. పొద్దు వాలకముందే బయల్దేరాం. పిన్ని, యేసుదాసు గారు కారు దాకా వచ్చారు. క్వయర్ పిల్లలంతా కలిసి ఓడని తోశారు. ఇంజను అందుకుంది. వెనక సీట్లో పిన్ని చోటు ఖాళీగా ఉంది. అమ్మ కళ్లు తుడుచుకుంది. మామూలుగానైతే ఈపాటికి పాట లేచిపోయి ఉండాలి. లేవలేదు. చూస్తే నాన్న చెయ్యెత్తి ఉన్నారు. అమ్మ, అన్నయ్య ఊపిరి బిగబట్టి ఉన్నారు. పిన్ని కూడా కిటికీ పట్టుకుని ఆగిపోయింది. ఆమె పక్కన కొత్త బాబాయి ఏం జరుగుతోందో తెలియక తనూ ఆగిపోయారు.

"కృపా, విను" అన్నారు నాన్న.

నేను విన్నాను. ఇంజను మెత్తగా, నిండుగా నడుస్తోంది. అది మొదట్లోనే తెలిసిపోయింది. అయినా ఇంకాసేపు విన్నాను. నా ఇంటిల్లిపాదీ నోరు మూసుకుని నా వంక చూస్తున్న ఆ కాస్త సమయం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపే విన్నాను.

తర్వాత తలూపాను. వాళ్లు పాట ఎత్తుకున్నారు.